లాంగ్ కోవిడ్‌తో పాటు రాత్రిపూట కాళ్ళు లాగుతుంటే: సప్లిమెంట్లు ఏ వరుసలో, ఎలా వాడాలి

పగలంతా మంచం దిగే ఓపిక ఉండదు. రాత్రి పదయ్యేసరికి కాళ్ళు మంచం మీద ఉండనివ్వవు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి చెబితే ఇంట్లోవాళ్ళకే నమ్మబుద్ధి కాదు. "ఇంత నీరసం అంటావు, మరి అర్ధరాత్రి హాల్లో ఎందుకు తిరుగుతున్నావు?" అని మావారే అడిగారు. ఆయన తప్పేం లేదు, నాకే అర్థం కాలేదు. 2021 మే నెలలో కోవిడ్ వచ్చి తగ్గింది, నీరసం మాత్రం పోలేదు. ఆగస్టు నుంచి ఈ కాళ్ళ బాధ కూడా తోడైంది.

అప్పుడు ఎవరు ఏ మాత్ర మంచిదంటే అది కొన్నాను. ఒక దశలో రోజుకు తొమ్మిది రకాలు మింగేదాన్ని. వాటిలో రెండు నా కాళ్ళను ఇంకా చెడగొడుతున్నాయని తెలియడానికి ఏడాది పట్టింది. నాకు నిజంగా కావాల్సినది మాత్రం ఆ తొమ్మిదిలో లేదు. మీకు ఆ ఏడాది పోకూడదని ఈ వరుస రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. మాత్ర ఏదైనా, ముఖ్యంగా ఐరన్, మీ రిపోర్టులు చూసిన డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టండి. ఆ డాక్టర్ దగ్గరికి ఏ ప్రశ్నలతో వెళ్ళాలో, ఇచ్చిన మాత్ర వృథా కాకుండా ఎలా వాడుకోవాలో చెప్పడమే నా పని.

ముందు ఇది ఆ జబ్బేనా అని తేల్చుకోండి

రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్, పొట్టిగా ఆర్‌ఎల్‌ఎస్. కొత్త జబ్బేమీ కాదు. ఇంగ్లండ్‌కు చెందిన థామస్ విల్లిస్ అనే వైద్యుడు 17వ శతాబ్దంలోనే దీని గురించి రాశాడు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ పూర్తిగా వర్ణించి పేరు పెట్టాడు. దీనికి స్కాన్ గానీ, ఒక్క రక్తపరీక్ష గానీ ఉండదు. మీరు చెప్పే మాటల మీదే నిర్ధారణ ఆధారపడుతుంది. అందుకే ఏం చెబుతున్నామో ముఖ్యం.

మనం "కాళ్ళు లాగుతున్నాయి", "పిక్కలు పీకుతున్నాయి", తెలంగాణలో అయితే "కాళ్ళు గుంజుతున్నయ్" అంటాం. డాక్టర్ దాన్ని నొప్పి అనుకుని నొప్పిమాత్ర రాసేస్తారు. కాబట్టి ఇలా విడమరచి చెప్పండి: కాళ్ళు కదిలించకుండా ఉండలేకపోతున్నాను. కూర్చున్నా పడుకున్నా మొదలవుతుంది. లేచి నడిస్తే, కాళ్ళు ఆడిస్తే తగ్గుతుంది, ఆపగానే మళ్ళీ వస్తుంది. పగటికంటే సాయంత్రం, రాత్రి ఎక్కువ. ఈ నాలుగూ ఉండి, వేరే కారణం ఏదీ కనిపించకపోతే దాన్ని ఆర్‌ఎల్‌ఎస్ అంటారు. లోపల చీమలు పాకినట్టుందా, జివ్వుమంటోందా, సోడా పొంగినట్టుందా అన్నది మనిషిని బట్టి మారుతుంది.

దీనికి దగ్గరగా అనిపించే వేరేవి కొన్ని ఉన్నాయి. పిక్క రాయిలా బిగుసుకుపోయి ప్రాణం పోయేంత నొప్పి వస్తే అది కండరం పట్టేయడం. అరికాళ్ళు పగలూ రాత్రీ మండుతూ మొద్దుబారితే నరాల సమస్య కావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో, బి12 తక్కువైనవాళ్ళలో ఇది మామూలే. వాంతుల మాత్రో, మానసిక జబ్బు మాత్రో మొదలెట్టిన కొద్ది రోజులకే పగలూ రాత్రీ తేడా లేకుండా ఒళ్ళంతా కుదురు లేకపోతే అది ఆ మాత్ర ప్రభావం కావచ్చు, వెంటనే రాసినవాళ్ళకు చెప్పండి.

ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే మాత్రం ఈ వ్యాసం చదువుతూ కూర్చోకండి. కోవిడ్ తర్వాత రక్తం గడ్డకట్టే ముప్పు కొంతకాలం ఎక్కువగా ఉంటుంది. ఆ కాలికి తోడు ఆయాసమో, ఛాతీ నొప్పో వస్తే అదే గంటలో ఆస్పత్రికి వెళ్ళండి.

లాంగ్ కోవిడ్ సంగతికొస్తే, 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనం ఉంది. కోవిడ్ వచ్చిన సుమారు మూడు నెలల తర్వాత కూడా లక్షణాలు ఉండి, అవి కనీసం రెండు నెలలు సాగి, వాటికి వేరే జబ్బు కారణం కాకపోతే దాన్ని లాంగ్ కోవిడ్‌గా పరిగణిస్తారు. చివరి షరతు మరిచిపోవద్దు. థైరాయిడ్, రక్తహీనత, షుగర్, గుండె ఇవన్నీ ఒకసారి చూపించుకోకుండా నీరసాన్నంతా కోవిడ్ ఖాతాలో వేయకండి.

రెండింటికీ ఎక్కడ ముడిపడుతుంది

ఇది తెలిస్తే మిగతా వరుస ఎందుకో అర్థమవుతుంది. మెదడులో డోపమిన్ (కదలికలను అదుపు చేసే రసాయనం) తయారు కావడానికి ఐరన్ కావాలి. ఆర్‌ఎల్‌ఎస్ ఉన్నవాళ్ళలో రక్తంలో ఐరన్ సరిపడా ఉన్నా మెదడులో తక్కువగా ఉంటుందని చాలా పరిశోధనల్లో తేలింది. రాత్రి కాళ్ళ గొడవకు మూలం అక్కడే ఉందని భావిస్తున్నారు.

ఇక ఏదైనా ఇన్ఫెక్షన్ వస్తే శరీరం ఐరన్‌ను సూక్ష్మజీవులకు దొరక్కుండా దాచేస్తుంది. కాలేయం నుంచి హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, పేగుల్లోంచి ఐరన్ రానివ్వకుండా, నిల్వలో ఉన్నది బయటికి పోనివ్వకుండా తాళం వేస్తుంది. 2024లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, కోవిడ్ తొలి వారాల్లో ఈ ఐరన్ గందరగోళం త్వరగా సర్దుకోనివాళ్ళలోనే తర్వాత నెలల తరబడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. 2022లో ప్రచురితమైన ఒక సర్వేలో లాంగ్ కోవిడ్ ఉన్న మహిళల్లో ఆర్‌ఎల్‌ఎస్ లక్షణాలు కోవిడ్‌కు ముందు దాదాపు 6 శాతం మందికి ఉంటే, తర్వాత 15 శాతానికి దగ్గరగా పెరిగాయి. ఇది సర్వే మాత్రమే, కారణాన్ని రుజువు చేయదు. కానీ నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మొదటి రెండు వారాలు: కొత్త మాత్ర ఏదీ వద్దు, నోట్‌బుక్ చాలు

రోజుకు నాలుగు విషయాలు రాయండి. రాత్రి కాళ్ళ బాధ 0 నుంచి 10లో ఎంత, ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు నిద్రపట్టింది, పగలు ఏం పని చేశారు. పక్కన ఆ రోజు మింగిన ప్రతి మాత్ర, తాగిన ప్రతి కాఫీ రాయండి. రెండు వారాలయ్యాక మీ సగటు ఏమిటో తెలుస్తుంది. అది తెలియకపోతే తర్వాత ఏ మాత్ర పనిచేసిందో ఎప్పటికీ చెప్పలేరు. ఈ రెండు జబ్బులూ వాటంతట అవే ఒక వారం తగ్గి ఒక వారం పెరుగుతాయి. తగ్గిన వారంలో మింగినదానికి ఊరికే పేరొస్తుంది.

రెండో పని: చెడగొడుతున్నవాటిని తీసేయడం

దీన్ని ఎవరూ మొదట చెప్పరు. నాకు తెలిసి ఖర్చు లేని, ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే.

ఇంట్లో మందుల డబ్బా మొత్తం టేబుల్ మీద బోర్లించండి. జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌ల వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి నిద్రమత్తు తెచ్చే అలర్జీ మందులు ఆర్‌ఎల్‌ఎస్‌ను బాగా పెంచుతాయి. కోవిడ్ తర్వాత దగ్గు తగ్గక చాలామంది మాంటెలుకాస్ట్, లివోసెటిరిజిన్ కలిసిన మాత్ర నెలల తరబడి వేసుకుంటారు. దాన్ని రాత్రే వేసుకుంటారు, కాళ్ళు కూడా రాత్రే లాగుతాయి. నేను వేసుకున్న తొమ్మిదిలో ఒకటి ఇదే. అలర్జీ మందు తప్పనిసరైతే, మెదడులోకి తక్కువగా వెళ్ళే ఫెక్సోఫెనడిన్ లాంటిది మార్చవచ్చా అని డాక్టర్‌ని అడగండి.

వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే జాబితాలో ఉంది. డిప్రెషన్‌కు, నిద్రకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి కొందరిలో కాళ్ళ బాధ పెంచుతాయి. వీటిని సొంతంగా ఆపేయకండి, హఠాత్తుగా మానితే వేరే ప్రమాదాలున్నాయి. "ఇది మొదలెట్టాక కాళ్ళు ఎక్కువయ్యాయి" అని తేదీతో సహా చెబితే డాక్టరే ప్రత్యామ్నాయం చూస్తారు. నోట్‌బుక్ ఇక్కడ పనికొస్తుంది.

మన ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర గురించి కూడా ఆలోచించండి. పాంటోప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గితే ఐరన్, బి12 ఒంటికి పట్టడం కూడా తగ్గుతుంది. అవసరమై వేసుకుంటున్నారా, అలవాటై వేసుకుంటున్నారా అని డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి.

మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ, కోలాలు ఆపండి. మద్యం కూడా కాళ్ళ బాధను, లాంగ్ కోవిడ్ నీరసాన్ని రెండింటినీ పెంచుతుంది.

మూడో పని: రక్తపరీక్ష, దాన్ని చదవడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నాకు జరిగిన నష్టమంతా ఇక్కడే జరిగింది.

హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి "రక్తం బాగానే ఉంది" అంటే సరిపోదు. హిమోగ్లోబిన్ 12.5 ఉన్నా నిల్వలు ఖాళీగా ఉండొచ్చు. అడగాల్సినవి: ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో), సీరం ఐరన్ (రక్తంలో తిరుగుతున్నది ఎంతో), టీఐబీసీ (రక్తం ఎంత ఐరన్ మోయగలదో), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (ఆ మోయగలిగిన దాంట్లో ఎంత శాతం నిండిందో). వాటితో పాటు సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగేది). పొద్దున్నే పరగడుపున ఇవ్వండి. ఐరన్ మాత్ర ఏదైనా వాడుతుంటే, ఐరన్ ఉన్న మల్టీవిటమిన్ అయినా సరే, కనీసం 24 గంటల ముందు ఆపి వెళ్ళండి. లేకపోతే సీరం ఐరన్ అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది.

నా ఫెరిటిన్ 31 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద అది నార్మల్. ఆడవాళ్ళకు చాలా ల్యాబులు 10, 15 దాటితే నార్మల్ అనే వేస్తాయి. నేను చూపించుకున్న మొదటి ముగ్గురూ "నార్మల్" అన్న మాట చూసి పక్కన పెట్టారు. ఆర్‌ఎల్‌ఎస్‌కు కొలత వేరు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆర్‌ఎల్‌ఎస్ ఉన్న పెద్దవాళ్ళలో ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు లేదా అంతకంటే తక్కువున్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం లోపున్నా ఐరన్ ఇవ్వాలి. ఫెరిటిన్ 75 నుంచి 100 మధ్య ఉంటే మాత్రలతో లాభం లేదు, సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించే ఆలోచించాలి.

లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్ళకు ఇంకో చిక్కుంది. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ దానంతట అదే పెరుగుతుంది. తాళం వేసిన బీరువాలో డబ్బున్నా చేతిలో రూపాయి లేని పరిస్థితి. కాబట్టి ఫెరిటిన్ 120 ఉన్నా, సీఆర్‌పీ కూడా ఎక్కువ ఉండి, శాచురేషన్ తక్కువ ఉంటే ఆ 120ని నమ్మడానికి లేదు. నాకు శాచురేషన్ 14 శాతం అని తెలిశాక గానీ కథ మలుపు తిరగలేదు.

అదే రక్తంతో విటమిన్ డి, బి12, థైరాయిడ్, షుగర్ మూడు నెలల సగటు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చేయించేయండి. కిడ్నీ జబ్బుంటే ఆర్‌ఎల్‌ఎస్ ఎక్కువగా వస్తుంది, మెగ్నీషియం లాంటివి ప్రమాదం కూడా అవుతాయి.

ఐరన్ తక్కువ ఉందని తేలితే, ఎందుకు తక్కువైందో కూడా అడగండి. నెలసరి ఎక్కువగా పోతోందా, పైల్స్ ఉన్నాయా, నల్లటి విరేచనం అవుతోందా, నొప్పి మాత్రలు ఎక్కువ వాడారా. నాకు గర్భాశయంలో ఫైబ్రాయిడ్ గడ్డ బయటపడింది. మగవాళ్ళలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఐరన్ తగ్గితే కడుపు, పేగుల పరీక్ష తప్పకుండా చేయించాలి.

నాలుగో పని: ఐరన్ సరిగ్గా వేసుకోవడం

రిపోర్టు లేకుండా ఐరన్ మొదలెట్టకండి. తలసీమియా, సికిల్ సెల్ లాంటి వంశపారంపర్య రక్త జబ్బులున్న కుటుంబాల్లో ఇది మరీ ముఖ్యం. వాళ్ళలో హిమోగ్లోబిన్ తక్కువున్నా ఐరన్ నిండుగా ఉండొచ్చు. ఎక్కువైన ఐరన్‌ను బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది కాలేయంలో, గుండెలో పేరుకుపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఐరన్ డబ్బా తాళం వేసిన చోట పెట్టండి. నాలుగైదు మాత్రలు మింగినా పసిపిల్లలకు ప్రాణాపాయం.

డాక్టర్ రాశాక, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి. ఒక మాత్ర వేసుకోగానే హెప్సిడిన్ పెరిగి సుమారు ఒక రోజు పాటు తలుపు మూసేస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఐరన్ తక్కువున్న యువతుల మీద చేసిన పరిశోధనల్లో రోజు విడిచి రోజు వేసుకుంటే మాత్రకు మాత్ర ఎక్కువ ఐరన్ పట్టినట్టు తేలింది. కడుపులో మంట, మలబద్ధకం కూడా తగ్గుతాయి. మన దగ్గర ఎక్కువగా రాసే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రలో సాధారణంగా 100 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అది తట్టుకోలేకపోతే తక్కువ మోతాదుది అడగండి. మానేయడం కంటే అదే నయం.

పక్కన ఏం తింటున్నామన్నది మాత్ర బ్రాండ్ కంటే ముఖ్యం. పాలు, పెరుగు, టీ, కాఫీ, కాల్షియం మాత్ర, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ ఇవేవీ ఐరన్‌కు రెండు గంటలు ముందూ వెనకా వద్దు. థైరాయిడ్ మాత్రకూ ఐరన్‌కూ నాలుగు గంటల ఎడం ఉండాలి. నా రోజు ఇలా నడుస్తుంది: ఆరింటికి థైరాయిడ్ మాత్ర, ఎనిమిదిన్నరకు టిఫిన్, పదకొండింటికి ఐరన్ మాత్ర, సగం నిమ్మకాయ పిండిన నీళ్ళతో. ఒంటిగంటకు భోజనం, టీ నాలుగింటికి ఒక్కటే. మొదట్లో టిఫిన్‌తో పాటు టీ తాగుతూ దాని వెంటే ఐరన్ వేసుకున్నాను. మూడు నెలల మాత్రలు అలా టీ పాలయ్యాయి.

విరేచనం నల్లగా రావడం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం చెప్పాలి.

తిండిలో కార్జం, మాంసం, చేపల్లోని ఐరన్ త్వరగా పడుతుంది. శాకాహారులు మునగాకు, తోటకూర, నువ్వులు, ఉలవలు తింటూ వాటితో నిమ్మకాయో ఉసిరికాయో జతచేయండి. చింతపండు పులుసు ఇనుప మూకుడులో కాచితే మూకుడు నుంచి కూడా కొంత ఐరన్ దిగుతుంది. రాగిజావ మంచిదే గానీ అందులో కాల్షియం, టానిన్లు ఎక్కువ కాబట్టి ఐరన్ మాత్రతో పాటు తాగకండి. తిండి ఒక్కదానితో 20 ఉన్న ఫెరిటిన్ 75 దాటడం చాలా కష్టం. తిండి, మాత్ర రెండూ కావాలి.

కనీసం మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేయించండి. నాకు మూడు నెలలకు 31 నుంచి 54 వచ్చింది, ఎనిమిది నెలలకు 83. వారానికి ఆరు రాత్రులు లాగే కాళ్ళు ఒకటి రెండు రాత్రులకు దిగాయి. పగటి నీరసం సగం కూడా తగ్గలేదు. అది వేరే లెక్క, ముందే చెబుతున్నాను.

మాత్రలు పడకపోయినా, పెరగకపోయినా ఎక్కించే ఐరన్ ఉంది. ఆర్‌ఎల్‌ఎస్‌కు ఎక్కువ రుజువులున్నది ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్. దాన్ని ఆస్పత్రిలోనే, అలర్జీ వస్తే చూసుకునే ఏర్పాటున్న చోటే ఎక్కించుకోవాలి. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. అది ఎక్కించాక కొందరిలో రక్తంలో ఫాస్ఫరస్ బాగా పడిపోతుంది. అప్పుడు నీరసం, కండరాల బలహీనత, ఎముకల నొప్పి వస్తాయి. లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్ళు దాన్ని కోవిడ్ నీరసమే అనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది. ఎక్కించుకున్న రెండు మూడు వారాల్లో నీరసం పెరిగితే ఫాస్ఫరస్ పరీక్ష అడగండి.

ఐదో పని: మిగతా లోటులు, ఒక్కొక్కటిగా

ఐరన్ మొదలెట్టిన నాలుగు వారాల దాకా ఇంకేదీ కలపకండి. ఆ తర్వాత కూడా ఒక్కటి కలిపి మూడు నాలుగు వారాలు చూడండి. రిపోర్టులో తీవ్రంగా తక్కువున్న విటమిన్‌కు ఈ ఆగుడు వర్తించదు, డాక్టర్ చెప్పినట్టు వెంటనే మొదలెట్టాలి.

బి12 తక్కువుంటే తప్పకుండా సరిచేసుకోండి. శాకాహారులకు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు ఇది తరచూ తగ్గుతుంది. కానీ "నరాల మాత్ర" అని ఇచ్చే స్ట్రిప్ వెనక ఏముందో చూడండి. మిథైల్‌కోబాలమిన్‌తో పాటు పిరిడాక్సిన్ అంటే బి6 ఉంటుంది. రెండు మూడు రకాల మాత్రల్లో కలిపి బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వెళితే అదే నరాలను పాడుచేసి కాళ్ళు మొద్దుబారేలా చేస్తుంది. కొన్ని స్ట్రిప్పుల్లో ప్రీగాబలిన్ కూడా కలిసి ఉంటుంది. అది విటమిన్ కాదు, మత్తునిచ్చే మందు, హఠాత్తుగా ఆపకూడదు. ఒకామె ఆరు నెలలు దాన్ని బి విటమిన్ అనుకునే వేసుకోవడం నేను చూశాను.

విటమిన్ డి తక్కువుంటే వేసుకోండి. ఎముకలకు, కండరాలకు అవసరం. ఆర్‌ఎల్‌ఎస్‌ను తగ్గిస్తుందా అంటే పరిశోధనలు ఒక మాట మీద లేవు. 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి, డాక్టర్ చెప్పినన్ని వారాలు మాత్రమే. దాన్ని రోజూ వేసుకుని రక్తంలో కాల్షియం పెరిగి ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు.

మెగ్నీషియం గురించి అందరూ చెబుతారు. ఆర్‌ఎల్‌ఎస్‌కు గట్టి రుజువు లేదు. అయినా కొందరికి కాస్త ఊరట, నిద్ర వస్తాయి. కిడ్నీలు బాగుంటే రాత్రి భోజనం తర్వాత గ్లైసినేట్ రూపంలో తక్కువ మోతాదుతో ఒక నెల చూడవచ్చు. సప్లిమెంట్ ద్వారా రోజుకు 350 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా పరిమితి. ఆక్సైడ్ రూపం విరేచనాలు పట్టిస్తుంది. నెలకు తేడా లేకపోతే ఆపేయండి, డబ్బులు మిగులుతాయి. థైరాయిడ్ మాత్రకు, కొన్ని యాంటీబయాటిక్స్‌కు దీన్ని దూరంగా ఉంచాలి.

లాంగ్ కోవిడ్ పేరుతో అమ్మేవి

లాంగ్ కోవిడ్‌ను నయం చేస్తుందని రుజువైన సప్లిమెంట్ ఇప్పటికి ఒక్కటీ లేదు. ఇది చేదు మాటే. అయినా తెలిసుంటే నెలకు నాలుగు వేలు పోవు.

జింక్: 2021లో మనందరి ఇళ్ళల్లో 50 మిల్లీగ్రాముల జింక్ స్ట్రిప్పులు ఉండేవి. పెద్దవాళ్ళకు రోజుకు 40 దాటకూడదు. నెలల తరబడి ఎక్కువగా వాడితే రాగి తగ్గిపోతుంది, దానివల్ల రక్తహీనత, కాళ్ళల్లో నరాల బలహీనత వస్తాయి. ఇంకా వేసుకుంటుంటే ఇవాళే ఆపండి.

పసుపు క్యాప్సూల్స్: కూరలో వేసే పసుపుతో బాధలేదు. గాఢత పెంచిన కర్కుమిన్ క్యాప్సూల్స్ ఐరన్‌ను పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు, కొందరిలో కాలేయాన్ని కూడా దెబ్బతీశాయి. నా తొమ్మిదిలో రెండోది ఇదే. ఒక చేత్తో ఐరన్ కోసం మునగాకు తింటూ ఇంకో చేత్తో ఇది మింగాను. తిప్పతీగ, అశ్వగంధ కూడా కొందరిలో కాలేయానికి హాని చేసినట్టు మన దేశంలోని వైద్యులే నమోదు చేశారు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను కూడా పెంచగలదు. వాడుతుంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, మధ్యలో కాలేయం పరీక్ష చేయించండి.

నాటోకైనేజ్, సెర్రాపెప్టేజ్: ఈ ఎంజైమ్ మాత్రలు రక్తాన్ని పలచబరచగలవు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అపిక్సబాన్ వాడేవాళ్ళు, నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్ళు ముట్టుకోవద్దు. నెలసరి పెరిగితే కష్టపడి నింపుకున్న ఐరన్ అటే పోతుంది.

మెలటోనిన్: నిద్ర కోసం వేసుకుంటారు. కొందరిలో కాళ్ళ బాధను పెంచుతుంది. నోట్‌బుక్ చూసి నిర్ణయించుకోండి.

నడకతో వచ్చే చిక్కు

ఆర్‌ఎల్‌ఎస్‌కు ఎక్కడ చూసినా "రోజూ వ్యాయామం చేయండి" అని ఉంటుంది. మామూలు ఆర్‌ఎల్‌ఎస్‌కు అది మంచి సలహానే. లాంగ్ కోవిడ్‌లో చాలామందికి పని చేసిన రోజు బాగానే ఉండి, 12 నుంచి 72 గంటల లోపు ఒళ్ళంతా కుప్పకూలుతుంది. నేను కాళ్ళ కోసమని రోజూ సాయంత్రం నలభై నిమిషాలు నడిచాను. నాలుగో రోజు నుంచి పది రోజులు మంచం మీద ఉన్నాను. దువ్వెన పట్టుకునే శక్తి లేదు.

మీకూ అలా కూలబడే లక్షణం ఉంటే నడకను కాళ్ళ మందుగా వాడకండి. నిద్రకు ముందు పది నిమిషాలు, మంచం మీద పడుకునే ఉండి పిక్కలు, తొడల వెనక భాగం నెమ్మదిగా సాగదీయండి. గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టండి. కొందరికి చన్నీళ్ళు బాగా పనిచేస్తాయి. ఇంట్లో ఎవరైనా కాళ్ళు ఒత్తితే ఇంకా మంచిది. మా అమ్మ వచ్చిన వారం నేను మందుల్లేకుండా నిద్రపోయాను. నిలబడితే కళ్ళు తిరిగి గుండె దడదడలాడేవాళ్ళకు ఇచ్చే బిగుతు మేజోళ్ళు కొందరికి కాళ్ళ లాగుడుకు కూడా ఊరటనిస్తాయి. కాళ్ళలో రక్తప్రసరణ జబ్బు లేదని నిర్ధారించుకుని వేసుకోండి.

అర్ధరాత్రి రెండింటికి కాళ్ళ బాధ నిద్ర లేపినప్పుడు చటుక్కున లేచి నిలబడకండి. కళ్ళు తిరిగి పడితే తుంటి విరుగుతుంది. ముందు కూర్చుని పాదాలు ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించి, రెండు గుక్కల నీళ్ళు తాగి, గోడ పట్టుకుని లేవండి. హాల్లో నాలుగు రౌండ్లు చాలు. తర్వాత కుర్చీలో కూర్చుని మెదడుకు పని చెప్పే చేతిపని ఏదైనా చేయండి. మనసు దేనిమీదైనా గట్టిగా లగ్నమైతే ఆర్‌ఎల్‌ఎస్ తగ్గడం తెలిసిన విషయమే. నేను కాగితం మీద చుక్కలు పెట్టి మెలికల ముగ్గులు వేస్తాను. పదిహేను చుక్కల ముగ్గు పూర్తయ్యేలోపు చాలాసార్లు కాళ్ళు నెమ్మదిస్తాయి. ఫోన్ మాత్రం పట్టుకోకండి. మర్నాడు నిద్ర తక్కువైన లెక్క చూసుకుని పని సగానికి తగ్గించుకోండి.

ఇవన్నీ చేసినా రాత్రులు గడవకపోతే

న్యూరాలజిస్ట్ దగ్గరికో నిద్ర సమస్యల డాక్టర్ దగ్గరికో వెళ్ళండి. మందులున్నాయి. ఇప్పుడు ముందుగా గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి సూచిస్తున్నారు. మత్తు, కళ్ళు తిరగడం, బరువు పెరగడం ఉండొచ్చు కాబట్టి తక్కువ మోతాదుతో మొదలెట్టమని అడగండి. ఒకప్పుడు అందరికీ రాసిన ప్రమిపెక్సోల్, రోపినిరోల్ మొదట అద్భుతంగా పనిచేస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ కాళ్ళ బాధ రాత్రి పది నుంచి సాయంత్రం ఐదుకు, అక్కడినుంచి మధ్యాహ్నానికి జరుగుతుంది, చేతులకు కూడా పాకుతుంది. 2025 మార్గదర్శకాలు వాటిని మామూలుగా వాడొద్దనే చెబుతున్నాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపితే నరకం చూస్తారు, డాక్టర్ పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గించాలి.

వెళ్ళేటప్పుడు మూడు తీసుకెళ్ళండి: నోట్‌బుక్‌లోని చివరి రెండు వారాల పేజీలు, ఫెరిటిన్, శాచురేషన్ ఉన్న అన్ని పాత రిపోర్టులు తేదీల వరుసలో, మీరు మింగే ప్రతి మాత్ర స్ట్రిప్పూ ఒక సంచిలో. ఆయుర్వేదం, హోమియో, పౌడర్లు అన్నీ. ఓపీలో దొరికేది ఐదు నిమిషాలే కాబట్టి మొదటి వాక్యం ఇంట్లోనే రాసుకోండి. నాది ఇలా ఉండేది: "కోవిడ్ తర్వాత మొదలైంది, రాత్రి కదలకుండా ఉండలేను, కదిలిస్తే తగ్గుతుంది, ఫెరిటిన్ 31, శాచురేషన్ 14." నాలుగో డాక్టర్ ఆ వాక్యం విని పెన్ను పక్కన పెట్టి నావైపు తిరిగారు.